భద్రతా అనుమతి: అప్పు, నడవడి

ప్రభుత్వ రహస్యాన్ని ఒక మనిషి చేతికి ఇచ్చే ముందు అతను నమ్మదగినవాడా కాదా అని రాజ్యం తేల్చుకునే పద్ధతే భద్రతా అనుమతి. క్షిపణి నమూనాలు, నిఘా నివేదికలు, అణు ఇంధనం, విమానాశ్రయంలో రన్‌వే దాకా వెళ్ళే గేటు లాంటివాటి దగ్గర పనిచేసే వారందరికీ ఏదో ఒక రూపంలో ఈ పరిశీలన జరుగుతుంది. నేరచరిత్ర, విదేశీ సంబంధాలు, తాగుడు, జూదం, అబద్ధాలాడే అలవాటు చూస్తారు. అప్పులూ చూస్తారు. అమెరికాలో అనుమతి నిరాకరణకు ఎక్కువగా కనిపించే కారణం అప్పులే. భారతదేశంలో మాత్రం కొలువులో చేరే ముందు అప్పుల సంగతి దాదాపు ఎవరూ అడగరు. చేరాక అడుగుతారు. చూడటానికి చిన్న తేడాలా ఉన్నా, ఎవరిని లోపలికి రానివ్వాలో ఎవరిని ఆపాలో నిర్ణయించడంలో దీని ప్రభావం చాలా ఉంది.

తెలుగువారికి ఇది దూరపు విషయమేమీ కాదు. హైదరాబాద్ ఆగ్నేయ దిక్కున కంచన్‌బాగ్‌లో రక్షణ ల్యాబ్‌లైన డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్, 1970లో పెట్టిన భారత్ డైనమిక్స్, 1973 నాటి మిధాని ఉన్నాయి. ఇంకాస్త దక్షిణాన క్షిపణి పరిశోధన జరిగే రీసెర్చ్ సెంటర్ ఇమారత్ ఉంది. ఈశాన్యాన 1967 నాటి ఈసీఐఎల్, 1971 నాటి న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఉన్నాయి. విశాఖపట్నంలో తూర్పు నౌకాదళ కేంద్రం ఉంది. ఈ కొలువుల కోసం చదివే కుర్రాళ్ళలో చాలామంది నగరానికి ఇంకో కొసన, అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల చుట్టూ మకాం పెడతారు. ఎస్.ఆర్.నగర్, మధురానగర్, మాజీ ముఖ్యమంత్రి జలగం వెంగళరావు పేరు పెట్టుకున్న వెంగళరావు నగర్ కాలనీల్లోని హాస్టళ్ళూ అద్దె గదులూ వీళ్ళతోనే నిండుతాయి. పక్కనే యూసుఫ్‌గూడలో ప్రత్యేక పోలీసు పటాలం మైదానం ఉంటుంది. ఇంకో పక్క కృష్ణానగర్‌లో సినిమా అవకాశాల కోసం వచ్చినవాళ్ళుంటారు. సినిమా వీధిలో అప్పు నిత్యవ్యవహారం. ఫైనాన్షియర్ దగ్గర తెచ్చిన డబ్బుతో సినిమా తీయడం నిర్మాతకు తలవంపు కాదు, అప్పు పుట్టడమే అతని పరపతికి గుర్తు. రెండు వీధుల అవతల ప్రభుత్వ కొలువుకు తయారయ్యే కుర్రాడికి అదే అప్పు రేపు సంజాయిషీ అడిగే కాగితం కావచ్చు.

అటెస్టేషన్ ఫారం ఏం అడుగుతుంది

భారతదేశంలో భద్రతా అనుమతి అనే పేరుతో ఒకే ఒక్క ప్రక్రియ లేదు. ఉద్యోగంలో చేరేటప్పుడు నడవడి, పూర్వాపరాల విచారణ జరుగుతుంది. చేరాక ప్రవర్తనా నియమావళి పట్టుకుంటుంది. పదోన్నతికీ కీలకమైన పోస్టుకీ విజిలెన్స్ క్లియరెన్స్ కావాలి. సున్నితమైన విభాగాలు ఇంటెలిజెన్స్ బ్యూరో ద్వారా విడిగా వాకబు చేయించుకుంటాయి. ఇవన్నీ వేర్వేరు చేతుల్లో నడుస్తాయి, ఒకదానికి తెలిసింది ఇంకోదానికి తెలియాలని లేదు.

అన్నిటికీ మొదటి మెట్టు అటెస్టేషన్ ఫారం. తల్లిదండ్రుల వివరాలు, చదివిన బడులు, గత 5 ఏళ్ళలో ఏడాదికి మించి ఉన్న ప్రతి చిరునామా, తన గురించి చెప్పగల ఇద్దరు పెద్దమనుషుల పేర్లు అందులో రాయాలి. ఆ తర్వాత అసలు ప్రశ్నలు వస్తాయి. ఎప్పుడైనా అరెస్టయ్యారా, మీ మీద కేసు నడిచిందా, నిర్బంధంలో ఉన్నారా, జరిమానా పడిందా, శిక్ష పడిందా, పరీక్షల నుంచి డిబార్ చేశారా, ఇప్పుడు ఏదైనా కేసు పెండింగ్‌లో ఉందా అని వరసగా అడుగుతారు. ఫారం నెత్తిమీదే హెచ్చరిక ఉంటుంది: తప్పుడు సమాచారం ఇచ్చినా, దాచినా అనర్హత కిందికే వస్తుంది.

తర్వాత ఫారం జిల్లా యంత్రాంగానికి, అక్కడి నుంచి పోలీసు స్పెషల్ బ్రాంచికి వెళ్తుంది. ఎస్‌బీ కానిస్టేబుల్ చిరునామాకు వచ్చి విచారిస్తాడు. సొంత ఊళ్ళో ఇది తేలిక, ఫలానావారి అబ్బాయి అంటే వీధి మొత్తానికి తెలుసు. హాస్టల్ చిరునామా దగ్గరే చిక్కొస్తుంది. రెండేళ్ళు ఉన్న గదిలో ఇప్పుడు వేరేవాళ్ళు ఉంటారు, వార్డెన్ మారిపోయి ఉంటాడు, యజమానికి అద్దెకున్నవాళ్ళ పేర్లు గుర్తుండవు. నగరాల్లో పూర్వాపరాల విచారణ చాలామట్టుకు స్టేషన్ రికార్డు చూడటంతో సరిపెట్టుకోవడానికి ఇదొక కారణం. రికార్డులో కేసు లేకపోతే మనిషి మంచివాడు. కేసు ఉంటే, అది ఎలాంటి కేసైనా, ఫైలు ఆగుతుంది. విచారణ ఆలస్యమై నియామకాలు నిలిచిపోతుండటంతో, ఫారం, స్వీయ ప్రకటన తీసుకుని తాత్కాలికంగా నియమించి, విచారణ తర్వాత పూర్తి చేసుకోవచ్చని కేంద్రం 2016లో తన శాఖలకు వీలు కల్పించింది.

ఈ ఫారంలో అప్పుల గడి లేదు. హోమ్ లోన్ ఎంత, క్రెడిట్ కార్డు బకాయి ఎంత, ఎవరికైనా నోటు రాసిచ్చావా అని ఎవరూ అడగరు. బ్రిటిష్ కాలం నుంచి వచ్చిన మన విచారణ పద్ధతి పోలీసు కంటితో చూస్తుంది. దానికి నేరం కనిపిస్తుంది, రాజకీయం కనిపిస్తుంది, ఇంటి జమాఖర్చు కనిపించదు.

పక్కదారిన వచ్చే అప్పు

అలాగని అప్పు ఫారంలోకి రాకుండా పోదు, కేసు వేషం వేసుకుని వస్తుంది. చెల్లని చెక్కు ఇవ్వడం 1989 నుంచి నేరం. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద రెండేళ్ళ దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నెలవాయిదా కోసం ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా డబ్బు తీసుకునే ఏర్పాటు విఫలమైనా, 2007 నాటి చెల్లింపుల చట్టం 25వ సెక్షన్ అలాంటి నేరాన్నే మోపుతుంది. అప్పిచ్చేవాళ్ళు ముందుగానే సంతకం చేసిన ఖాళీ చెక్కులు తీసుకోవడం మన ఊళ్ళలో మామూలే. బైకు కొన్న అప్పు కట్టలేకపోయిన కుర్రాడు ‘మీ మీద కేసు నడిచిందా’ అన్న ప్రశ్న దగ్గర లేదు అని రాసేస్తాడు. అతని దృష్టిలో అది డబ్బు తగాదా, చట్టం దృష్టిలో అది క్రిమినల్ కేసు. రాజీ కుదుర్చుకోగలిగిన ఆ కేసు అతని కొలువును ముంచదు, ‘లేదు’ అన్న మాటే ముంచుతుంది.

తెలుగు ఇళ్ళలో అప్పుకు చాలా రూపాలున్నాయి. చేబదులు, ప్రామిసరీ నోటు, బంగారం తాకట్టు, పాడుకున్న చిట్టీ, విజయవాడలో 2015 చివర రచ్చకెక్కిన అధిక వడ్డీల కాల్‌మనీ అన్నీ అప్పులే. వీటిలో చాలావాటికి రుణ చరిత్ర చెప్పే సిబిల్ నివేదికలో జాడే ఉండదు. పైగా తన అవసరానికి తీసుకోని అప్పు కూడా మనిషికి చుట్టుకుంటుంది. చిట్టీ పాడినవారికి జమానతు సంతకం కావాలంటే చిట్‌ఫండ్ కంపెనీలు మొదట వెతికేది ప్రభుత్వ ఉద్యోగినే, ఎందుకంటే జీతం జప్తు చేయించడం తేలిక. బావమరిదికో ఆఫీసు మిత్రుడికో మొహమాటానికి సంతకం పెట్టిన వాడి జీతపు బిల్లులోకి ఏడాది తర్వాత కోర్టు ఉత్తర్వు దిగుతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం జీతంలో మొదటి 1,000 రూపాయలూ, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులూ జప్తుకు అందవు. తక్కిన మూడో వంతును 24 నెలల దాకా పట్టుకోవచ్చు. ఒకే డిక్రీ కింద 24 నెలలు పట్టుకున్నాక ఆ డిక్రీ మట్టుకు జీతానికి విముక్తి. ఈ జప్తు మొదలైన నాడే ఉద్యోగి అప్పు సంగతి ఆఫీసుకు అధికారికంగా తెలుస్తుంది.

చేరాక పట్టుకునే నియమం

కేంద్ర ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళిలో 17వ నియమం నేరుగా అప్పుల మీదే ఉంది. అలవాటుగా అప్పుల్లో మునగకుండా, దివాలా తీయకుండా ఉద్యోగి తన సొంత వ్యవహారాలు చక్కబెట్టుకోవాలి. బాకీ వసూలు కోసం గానీ దివాలా ప్రకటన కోసం గానీ తన మీద దావా పడితే వెంటనే ప్రభుత్వానికి పూర్తిగా తెలియజేయాలి. ఈ నియమంలో బలం దాని కింద ఉన్న గమనికలో ఉంది. మామూలు జాగ్రత్తతో ఊహించలేని పరిస్థితుల వల్లే అప్పుల పాలయ్యానని, దుబారా వల్లో వ్యసనాల వల్లో కాదని రుజువు చేసుకోవలసిన భారం ఉద్యోగిదే. అంటే రాజ్యం అప్పును తప్పు పట్టదు, అది ఎలా వచ్చిందని అడుగుతుంది. ఆస్పత్రి బిల్లుతో అప్పు చేసినవాడికీ పేకాటలో పోగొట్టుకున్నవాడికీ మొత్తం ఒకటే కావచ్చు, సమాధానం ఒకటి కాదు.

16వ నియమం సట్టా వ్యాపారాన్ని నిషేధిస్తుంది, తన అధికార పరిధిలో ఉన్నవారితో గానీ తన ఆఫీసుతో పని పడే అవకాశం ఉన్నవారితో గానీ అప్పు సంబంధం పెట్టుకోవద్దంటుంది. బంధువు దగ్గరో సొంత మిత్రుడి దగ్గరో వడ్డీ లేని చిన్న చేబదులుకు, కిరాణా కొట్టులో ఖాతాకు మినహాయింపు ఉంది. 18వ నియమం ప్రకారం రెండు నెలల మూల వేతనానికి మించిన చరాస్తి కొన్నా అమ్మినా తెలియజేయాలి. ఒక క్యాలెండర్ సంవత్సరంలో షేర్ల లావాదేవీలు ఆరు నెలల మూల వేతనం దాటితే అదీ చెప్పాలి. కట్నం, తాగుడు, భార్య ఉండగా రెండో పెళ్ళి మీద వేరే నియమాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌కు 1964 నుంచే సొంత ప్రవర్తనా నియమావళి ఉంది, తెలంగాణ దాన్నే తీసుకుంది. అప్పుల విషయంలో దాని ధోరణీ ఇదే.

ఏటా దాఖలు చేసే ఆస్తి వివరాలు విజిలెన్స్ క్లియరెన్స్‌తో ముడిపడి ఉంటాయి. ఐఏఎస్, ఐపీఎస్ అధికారులు జనవరి 31లోగా ఇవ్వకపోతే క్లియరెన్స్ ఆగవచ్చు. ఈ మొత్తం ఏర్పాటు లంచాన్ని పట్టుకోవడానికి పుట్టింది. కాబట్టి ఆదాయానికి మించి పెరిగిన ఆస్తిని చూస్తుంది, అప్పుల వల్ల ఎవరికైనా లొంగిపోయే స్థితిలో మనిషి ఉన్నాడా అని చూడదు. గూఢచారికి కావలసింది అలా లొంగిపోయే మనిషే.

విశాఖ, ఇమారత్

2019 డిసెంబరు 20న ఆంధ్రప్రదేశ్ ఇంటెలిజెన్స్ పోలీసులు నౌకాదళ నిఘా విభాగంతో, కేంద్ర సంస్థలతో కలిసి ఏడుగురు నావికా సిబ్బందినీ ఒక హవాలా వ్యాపారినీ దేశంలోని వేర్వేరు చోట్ల అరెస్టు చేసినట్టు ప్రకటించారు. విశాఖ కొండ పేరుతో ఆ చర్యను ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్ అన్నారు. ఆ నెలాఖరుకే కేసు జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏకి వెళ్ళింది. పాకిస్తాన్‌కు చెందినవారు ఫేస్‌బుక్, వాట్సాప్‌ల ద్వారా పరిచయమై, నౌకల కదలికల సమాచారానికి ప్రతిగా సిబ్బంది ఖాతాల్లో డబ్బు వేయించారన్నది అభియోగం. నౌకాదళం వెంటనే తన స్థావరాల్లో, నౌకల్లో స్మార్ట్‌ఫోన్లను, ఫేస్‌బుక్‌ను నిషేధించింది. అది అవసరమే కావచ్చు. అయినా జీతం కాని డబ్బు ఒక నావికుడి ఖాతాలో పడుతుంటే మొదట ఎవరికి తెలియాలన్న ప్రశ్నకు ఫోన్ నిషేధం జవాబు కాదు.

2022 జూన్‌లో రాచకొండ పోలీసులు రీసెర్చ్ సెంటర్ ఇమారత్‌లో పనిచేసే ఒక కాంట్రాక్టు ఉద్యోగిని అధికార రహస్యాల చట్టం కింద అరెస్టు చేశారు. బ్రిటన్‌లోని రక్షణ పత్రికలో పనిచేస్తున్నానంటూ ఫేస్‌బుక్‌లో పరిచయం చేసుకున్న ఒక స్త్రీ ప్రొఫైల్‌కు క్షిపణి పరిశోధన సమాచారం పంపాడన్నది ఆరోపణ. ఇక్కడ ఎర డబ్బు కన్నా పరిచయం, పెళ్ళి ఆశ. ఈ కేసు ఇంకో సంగతి బయటపెట్టింది. 17వ నియమమైనా 18వ నియమమైనా శాశ్వత ఉద్యోగికి వర్తించేవి, ఏజెన్సీల ద్వారా వచ్చే కాంట్రాక్టు సిబ్బంది వాటి పరిధిలోకి నేరుగా రారు. పోలీసు వెరిఫికేషన్ ఒక్కటే వాళ్ళకున్న జల్లెడ. ల్యాబ్‌లో వాళ్ళు కూర్చునే కుర్చీ మాత్రం శాశ్వత ఉద్యోగి కుర్చీ పక్కదే.

డబ్బు అవసరం ఉన్నవాడే అమ్ముడుపోతాడన్న నమ్మకం ఎంత నిజం? 1985లో ఢిల్లీని కుదిపిన కూమర్ నారాయణ్ గూఢచర్యం కేసులో కాగితాలు బయటికి ఇచ్చింది పెద్ద కార్యాలయాల్లోని చిన్న ఉద్యోగులు. ప్రధాని ముఖ్య కార్యదర్శి పి.సి.అలెగ్జాండర్ రాజీనామా చేయాల్సి వచ్చింది. అమెరికా నౌకాదళంలో జాన్ వాకర్ రహస్యాలు అమ్మడానికి 1967లో సోవియట్ రాయబార కార్యాలయం మెట్లెక్కినప్పుడు నష్టాల్లో ఉన్న బారు ఒకటి అతని నెత్తిమీద ఉంది. 1994లో పట్టుబడ్డ సీఐఏ అధికారి ఆల్డ్రిచ్ ఏమ్స్ విడాకుల తర్వాత అప్పుల్లో పడి అమ్మకం మొదలుపెట్టాడు. తర్వాత 5,40,000 డాలర్ల ఇల్లు రొక్కంతో కొన్నా చాలాకాలం ఎవరూ గట్టిగా అడగలేదు. ఇవి అప్పు వైపు మొగ్గే ఉదాహరణలు. మరోవైపు 2001లో అరెస్టయిన అనా మోంటెస్ క్యూబా కోసం పనిచేసింది సిద్ధాంతం మీదే, డబ్బు దాదాపు తీసుకోలేదు. అప్పుల జాబితా ఎంత జాగ్రత్తగా చూసినా ఆమె దొరికేది కాదు.

చిన్నపరెడ్డి తీర్పు, తర్వాతి తీర్పులు

నడవడి అనే మాటను ప్రభుత్వాలు రాజకీయ విశ్వాసం దాకా లాగిన రోజులున్నాయి. మధ్యప్రదేశ్‌లో ఒక ఉపాధ్యాయుణ్ణి, గతంలో ఆర్‌ఎస్‌ఎస్, జనసంఘ్ కార్యకలాపాల్లో పాల్గొన్నాడన్న పోలీసు నివేదిక ఆధారంగా ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ కేసులో 1983లో సుప్రీంకోర్టు తీర్పు రాసింది అనంతపురం జిల్లాకు చెందిన జస్టిస్ ఒ.చిన్నపరెడ్డి. రాజకీయ విశ్వాసం మీద పోలీసు నివేదిక తెప్పించుకుని కొలువు నిరాకరించడం రాజ్యాంగం ఇచ్చిన హక్కులకు విరుద్ధమని, అమెరికాలో మెకార్తీ కాలపు కమ్యూనిస్టుల వేటలాంటిది ఇక్కడ తగదని ఆయన కటువుగానే చెప్పారు. వామపక్ష భావాల న్యాయమూర్తిగా పేరున్న ఆయన తనకు పూర్తిగా ఎదుటి పక్షానికి చెందిన మనిషి కొలువును ఇలా నిలబెట్టడం గుర్తుంచుకోదగ్గది.

తెలంగాణ ఉద్యమ కాలంలో ఈ ప్రశ్న మరో రూపంలో వచ్చింది. ధర్నాల్లో, బంద్‌లలో పాల్గొన్న ఉస్మానియా విద్యార్థుల మీద కేసులు పడ్డాయి. ఉద్యోగాల వయసు దాటిపోతోందన్న బెంగకు ఆ కేసుల బెంగ తోడైంది. రాష్ట్రం ఏర్పడ్డాక ప్రభుత్వం వాటి ఎత్తివేతకు పూనుకుంది.

2016 జూలై 21న అవతార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం అప్పటిదాకా ఒకదానికొకటి పొసగని తీర్పులను సరిచేసింది. ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి స్వల్ప కేసును దాచినా, యజమాని తన విచక్షణతో దాన్ని పట్టించుకోకపోవచ్చు. తీవ్రమైన నేరాన్ని దాస్తే నియామకం రద్దు చేయవచ్చు. నిజం చెప్పినంత మాత్రాన నియమించి తీరాలని లేదు. అప్పుల విషయంలో పనికొచ్చే మాట మరొకటుంది: ఫారం అడగని విషయాన్ని చెప్పలేదని దాచినట్టు అనకూడదు. ఆ విషయం యజమానికి మరో దారిలో తెలిస్తే నిష్పక్షపాతంగా చూడవచ్చు, అబద్ధమాడాడన్న నెపం మాత్రం పెట్టకూడదు. మైనరుగా ఉన్నప్పుడు పడ్డ శిక్ష అనర్హత కాకూడదని 2015 నాటి బాలల న్యాయ చట్టం 24వ సెక్షన్ విడిగా కాపాడుతుంది.

అమెరికాలో అడిగే తీరు

వర్జీనియా, మేరీలాండ్‌లలో ప్రభుత్వ కాంట్రాక్టు కంపెనీలు ఎక్కువ. అక్కడి తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు క్లియరెన్స్ అన్నది ఇంటి మాటే. హెచ్-1బీ మీదున్నవారికీ గ్రీన్ కార్డు ఉన్నవారికీ మామూలుగా అది రాదు, పౌరసత్వం తీసుకున్నాకే దారి తెరుచుకుంటుంది. అప్పుడు నింపవలసింది ఎస్‌ఎఫ్-86 అనే భారీ ఫారం. దాని 26వ విభాగం పూర్తిగా డబ్బు మీద ఉంటుంది. గత 7 ఏళ్ళలో దివాలా పిటిషన్ వేశారా, పన్ను కట్టడంలోనో రిటర్ను వేయడంలోనో తప్పారా, ఏదైనా అప్పు 120 రోజులు దాటి బకాయి పడ్డారా, జీవితంలో ఎప్పుడైనా జూదం వల్ల డబ్బు ఇబ్బంది పడ్డారా అని అడుగుతారు. తెలిసి అబద్ధం రాస్తే ఫెడరల్ నేరం, 5 ఏళ్ళ దాకా జైలు.

నిర్ణయానికి 13 మార్గదర్శకాలున్నాయి. ఇప్పుడు అమల్లో ఉన్న రూపం 2017 జూన్ 8న వచ్చింది. డబ్బు వ్యవహారాలకు ఎఫ్, సొంత నడవడికి ఇ, విదేశీ ప్రభావానికి బి అన్న అక్షరాలు వాడతారు. ఎఫ్ కింద అప్పు ఉన్నంత మాత్రాన తిరస్కరించరు. ఉద్యోగం పోవడం, జబ్బు, విడాకులు, మోసపు రుణాల వంటి చేతిలో లేని కారణాలు, ఆ తర్వాత మనిషి ఎంత బాధ్యతగా మెలిగాడన్నది, అప్పులవారితో మాట్లాడుకుని వాయిదాలు కడుతున్నాడా అన్నది లెక్కలోకి తీసుకుంటారు. మన 17వ నియమం గమనికా ఇదే అడుగుతుంది. అది పని చేస్తున్నవాణ్ణి అడుగుతుంది, ఇది వచ్చేవాణ్ణే అడుగుతుంది. కొన్నేళ్ళుగా అక్కడ నిరంతర పరిశీలన కూడా మొదలైంది. కొత్త బకాయి పడినా, అరెస్టయినా ఐదేళ్ళకో పదేళ్ళకో జరిగే తనిఖీ దాకా ఆగకుండా అప్పుడే కబురు అందుతుంది.

తెలుగువారికి ఇబ్బంది పెట్టేది సాధారణంగా ఎఫ్ కన్నా బి. తండ్రి వెంగళరావు నగర్‌లో కొన్న ఫ్లాటులో తన పేరు కూడా ఉంటే అది విదేశీ ఆస్తి. హైదరాబాద్ బ్యాంకులో ఖాతా, అమ్మకు నెలనెలా పంపే డబ్బు, ఊళ్ళో పొలంలో రాబోయే వాటా అన్నీ రాయాలి. మొదటి సెమిస్టర్ ఫీజుకు నాన్న ఇల్లు తనఖా పెట్టి తీసుకున్న విద్యారుణం ఇంకా నడుస్తుంటే అదీ చెప్పుకోవాలి. ఇవేవీ వాటికవే అనర్హతలు కావు. ఉమ్మడి ఆస్తిలో ఎవరి వాటా ఎంతో పంచుకోని కుటుంబంలో పెరిగినవాడికి ఆ గడిలో అంకె వేయడమే కష్టం. చేబదుళ్ళకు కాగితాలు ఉంచుకోకపోవడం మనకు మర్యాద, అక్కడి అధికారికి అది ఆధారం లేని మాట.

బ్రిటన్‌లో అత్యున్నత స్థాయి డీవీ అనుమతికి ఆర్థిక ప్రశ్నావళి విడిగా నింపాలి. కెనడా కింది స్థాయి విశ్వసనీయత పరిశీలనలోనే రుణ చరిత్ర చూస్తుంది.

బ్యాంకులు ముందే మొదలుపెట్టాయి

రుణ చరిత్రను భారతదేశంలో ఉద్యోగ అర్హతగా మొదట గట్టిగా పట్టుకున్నవి రక్షణ సంస్థలు కావు, బ్యాంకులు. అప్పు లేదా కార్డు బకాయి ఎగ్గొట్టిన రికార్డు ఉన్నవారు, సిబిల్ వంటి సంస్థల నివేదిక ప్రతికూలంగా ఉన్నవారు నియామకానికి అనర్హులని స్టేట్ బ్యాంకు తన ప్రకటనల్లోనే రాస్తుంది. ఆ నిబంధన కింద నియామకం రద్దయిన ఒక అభ్యర్థి వేసిన కేసును మద్రాసు హైకోర్టు 2025లో కొట్టివేసింది. జనం డబ్బు చూసేవాడి సొంత డబ్బు క్రమశిక్షణ చూడటం తప్పు కాదన్నది కోర్టు ధోరణి. ఈ వాదన బ్యాంకుకు సరిపడితే క్షిపణి ల్యాబుకు ఎందుకు సరిపడదన్న ప్రశ్న సహజం. అయితే ఫారంలో ఒక గడి చేర్చినంత మాత్రాన పని జరగదు. 300 నుంచి 900 దాకా ఉండే స్కోరు బ్యాంకు అప్పు కట్టినవాడినీ కట్టనివాడినీ విడదీస్తుంది. నోటు మీద నూటికి మూడు వడ్డీ కడుతున్నవాడు, అసలు అప్పే లేనివాడు దానికి ఒకలాగే కనిపిస్తారు. పేద ఇంటి నుంచి చదువు అప్పుతో వచ్చినవాడు తలుపు దగ్గరే ఆగిపోయే ప్రమాదమూ ఉంది. నా దృష్టిలో అమెరికా పద్ధతిలో తీసుకోదగ్గది స్కోరు కాదు, వివరణ వినే ఏర్పాటు.

ఈ మధ్య రెండు కొత్త దారులు తోడయ్యాయి. మొదటిది లోన్ యాప్. 2020 చివర్లో తెలంగాణలో ఆత్మహత్యలతో ఈ వ్యవహారం బయటపడింది. ఫోన్లోని పేర్ల జాబితా లాక్కుని, కట్టకపోతే బంధువులకూ ఆఫీసు వాళ్ళకూ మార్ఫింగ్ ఫోటోలు పంపుతామని బెదిరించడం వాటి పద్ధతి. రిజర్వు బ్యాంకు 2021 జనవరిలో అధ్యయన బృందాన్ని వేసి, 2022 సెప్టెంబరులో డిజిటల్ రుణాలకు మార్గదర్శకాలిచ్చింది. వేల రూపాయల అప్పు కూడా ఒక ఉద్యోగిని ఎవరి మాటైనా వినేలా చేయగలదని ఈ యాప్‌లు చూపించాయి. రెండోది ఆన్‌లైన్ జూదం. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ 1974 నాటి గేమింగ్ చట్టాలను ఆన్‌లైన్ రమ్మీ దాకా విస్తరించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించే చట్టం చేసింది. ఫోన్లో ఆడే ఆటకు క్లబ్బు మీద దాడి ఉండదు, స్టేషన్ రికార్డూ ఉండదు. ఎస్‌బీ కానిస్టేబుల్ ఇంటికొచ్చి అడిగినా పక్కింటివాళ్ళకు తెలిసే వీలే లేదు.

నిరాకరిస్తే

అమెరికాలో అక్కడి సుప్రీంకోర్టు 1988లో ఇచ్చిన ఈగన్ తీర్పు ప్రకారం క్లియరెన్స్ ఎవరికీ హక్కు కాదు, ఇవ్వాలా వద్దా అన్న విచక్షణలో కోర్టులు సాధారణంగా తలదూర్చవు. దానికి బదులు పాలనా యంత్రాంగంలోనే వినే చోటుంది. కాంట్రాక్టు ఉద్యోగికి కారణాలు రాసిన పత్రం ఇస్తారు. దానికి 20 రోజుల్లో జవాబివ్వాలి. కోరితే రక్షణ శాఖకు చెందిన న్యాయాధికారి ముందు విచారణ జరుగుతుంది. ఆ నిర్ణయాలను పేర్లు తీసేసి ప్రచురిస్తారు. ఏ అప్పును ఎందుకు మన్నించారో, ఎందుకు మన్నించలేదో వాటిని చదివి తెలుసుకోవచ్చు.

భారతదేశంలో సంగతి తారుమారు. లోపల వినే చోటు లేదు, బయట కోర్టు ఉంది. కేంద్ర ఉద్యోగాల అభ్యర్థి హైదరాబాద్‌లోని కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్‌కు, అక్కడి నుంచి హైకోర్టుకు వెళ్ళవచ్చు. సంస్థల విషయంలో సుప్రీంకోర్టు రెండు వైపులా మాట్లాడింది. విమానాశ్రయ సేవల సంస్థకు అనుమతి నిరాకరించిన కేసులో 2014లో దేశభద్రత ఉన్నచోట ముందుగా వినడం తప్పనిసరి కాదంది. 2023 ఏప్రిల్‌లో మీడియావన్ చానల్ కేసులో మాత్రం దేశభద్రత అన్న మాట ఆధారం లేకుండా గాల్లోంచి తేవద్దంది, సీల్డ్ కవర్ పద్ధతిని తప్పుపట్టింది. 2025 మేలో హైదరాబాద్ సహా పలు విమానాశ్రయాల్లో పనిచేసే టర్కీ సంస్థ చెలెబి అనుమతి రద్దయింది. జూలైలో ఢిల్లీ హైకోర్టు ఆ రద్దును సమర్థించింది.

ఒంటరి అభ్యర్థికి అసలు కష్టం కారణం తెలుసుకోవడంలోనే ఉంది. డీఆర్‌డీఓ, ఇంటెలిజెన్స్ బ్యూరో రెండూ సమాచార హక్కు చట్టం రెండో షెడ్యూలులో ఉన్నాయి. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు సంబంధించినది తప్ప ఇతర సమాచారాన్ని అవి ఇవ్వనక్కర లేదు. తన ఫైలులో ఎవరు ఏం రాశారో తెలియని అభ్యర్థి ముందు ట్రిబ్యునల్‌లో కేసు వేయాలి. ప్రభుత్వం దాఖలు చేసే కౌంటర్‌లో ఆ కారణాన్ని మొదటిసారి చదువుకోవాలి.